మందు కూరే కర్ర మీద రెండు గాట్లు

పోస్టు పొడుగవుతాది, ముందే చెప్తున్నాం. మెస్సులో అన్నం తినేసొచ్చి తీరిగ్గా కూచుని చదవండి.

మేము ముగ్గురం. విశాఖపట్నంలో ఒకే హాస్టలు, ఒకే రూము. ముగ్గురివీ పాడేరు వైపు కొండమీది ఊళ్ళు. మా మూడు ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. టైపు కొట్టేది మాలో ఒకరే, ఇరవై ఏళ్ళోడు. మాటలు మాత్రం ముగ్గురివీ. ఇందులో ఒక చిన్నాన్న వస్తాడు. ఆయన మాలో ఎవరి చిన్నాన్నో రాయం. ఎందుకు రాయమో చదివితే మీకే తెలుస్తాది. ముగ్గురికీ చిన్నాన్నే అనుకోండి.

ఆరేళ్ళ కిందటి మాట. అప్పటికి మేం ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి. చైత్రమాసంలో ఇటుకల పండగ వచ్చింది. మన పండగ గురించి మీకు చెప్పక్కర్లేదు. మగవాళ్ళు అడివికెళ్తారు. ఉత్త చేతుల్తో వస్తే ఆడవాళ్ళు ఊరి మొదట్లో కాపు కాసి పేడనీళ్ళు కొడతారు. ఆ రోజు చిన్నాన్న దగ్గర ఒక నాటు తుపాకి ఉంది. నీళ్ళ పైపుతో ఎవరో కట్టిచ్చింది. మొదటి దెబ్బ తప్పింది. మళ్ళీ మందు కూరాడు, గుండు వేశాడు, పేల్చాడు. గుండు ముందుకి పోలేదు, గొట్టమే పగిలింది. ఎడమచేతి రెండు వేళ్ళు పోయాయి. ఎడమచెవి ఇప్పటికీ సగమే వినిపిస్తాది.

డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. అక్కణ్ణించి ఆటో. ఆసుపత్రిలో టపాకాయ పేలిందని చెప్పారు. కేసవుతాదని భయం. అబద్ధమే, కానీ ఆ రోజు ఇంకేం చెప్పాలో మా ఇంట్లో ఎవరికీ తెలీలేదు.

వేళ్ళు పోవడం ఒక ఎత్తు, ఊళ్ళో మాట పడడం ఇంకో ఎత్తు. కొండదేవతకి మొక్కు చెల్లించకుండా వెళ్ళాడు, అందుకే అన్నారు కొందరు. కల్లు ఎక్కువ తాగి ఉంటాడు అన్నారు ఇంకొందరు. చిన్నాన్న ఎవరికీ జవాబు చెప్పలేదు. ప్రతి ఏడాదీ దేవత దగ్గర కొబ్బరికాయ కొట్టి ఇంటికొచ్చేసేవాడు. పండగ మూడో రోజు, నాలుగో రోజు ఊరంతా థింసా ఆడుతుంటే ఆయన తలుపు దగ్గరికేసుకుని పడుకునేవాడు. మేం సెలవులకి వెళ్ళినప్పుడల్లా ఇదే చూశాం.

ఇంక అసలు సంగతికి వస్తాం.

డిగ్రీ రెండో ఏడాది కాలేజీ టూరులో హైదరాబాద్ తీసుకెళ్ళారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. కత్తులూ డాళ్ళూ చూసుకుంటూ తుపాకుల దగ్గర ఆగాం. ఒక పాత తుపాకికి పక్కన చిన్న దవడ లాంటిది ఉంది, దాని పళ్ళ మధ్య రాయిముక్క బిగించుంది. అద్దానికి ముఖాలు ఆనించి చూశాం. చెకుముకి రాయి! మా ముసలోళ్ళు ఉక్కుముక్కకి కొట్టి, జీలుగు మట్ట నూగుకి నిప్పంటించుకునే రాయే. మీట నొక్కితే దవడ ముందుకి పడుతుంది, రాయి ఉక్కుపలకకి గీసుకుంటుంది, నిప్పురవ్వలు చిన్న పళ్ళెంలో మందు మీద పడతాయి, ఆ మంట పక్కనున్న బెజ్జంలోంచి గొట్టంలోకి వెళ్తుంది. మ్యూజియంలో మాకు తెలిసిన వస్తువు కనబడ్డం అదే మొదలు.

తిరిగొచ్చాక దాని గురించి దొరికిందల్లా చదివాం. కంపెనీ సిపాయిలు మోసింది ఎక్కువగా 'బ్రౌన్ బెస్' అని పిలిచే చెకుముకి తుపాకి. మనకి దూరం సంగతి కాదు. 1794 జూలై 10న పద్మనాభంలో విజయనగరం రాజు చిన విజయరామరాజుని కంపెనీ సైన్యం చంపింది చెకుముకి తుపాకుల కాలంలోనే. ఆ పద్మనాభం మా హాస్టలు నుంచి బస్సులో పోయొచ్చే దూరం.

బ్రౌన్ బెస్ లెక్క చూసి మొదట అచ్చుతప్పు అనుకున్నాం. గొట్టం లోపలి వెడల్పు ముప్పావు అంగుళం, అంటే 19 మి.మీ. అందులో వేసే సీసపు గుండు 0.69 అంగుళం, అంటే 17.5 మి.మీ. మధ్యలో ఒకటిన్నర మి.మీ. ఖాళీ! అంత వదులైతే గుండు గొట్టంలో గోడల్ని గుద్దుకుంటూ పోతాది కదా, చివర ఏ గోడని తగిలితే అటు పోతాది కదా అని మాలో మేం వాదించుకున్నాం. నిజంగానే అంతేనట. వంద గజాలు దాటితే గురిపెట్టిన మనిషికి తగలడం అదృష్టమే. మరి తెలిసీ వదులుగా ఎందుకు చేశారు?

మసి. నల్లమందు కాలితే అంతా పొగై పోదు. బరువులో సగానికి పైగా గట్టి పదార్థంగానే మిగులుతుంది. ఆ మసి గొట్టం గోడలకి అంటుకుంటుంది, గాల్లో తడి పీల్చుకుని జిగురవుతుంది. ఒక్కో దెబ్బకీ గొట్టం లోపల ఇరుకవుతూ పోతుంది. యుద్ధంలో సిపాయి నిమిషానికి మూడు దెబ్బలు పేల్చాలి. ఇరవయ్యో గుండు కూడా అడ్డం లేకుండా దిగాలంటే మొదటి గుండు వదులుగా ఉండక తప్పదు. కాగితం పొట్లంలో మందూ గుండూ కలిపి ఇచ్చేవారు. పొట్లం చింపి మందు పోసి, కాగితంతో సహా గుండుని కూరేసేవారు. ఆ కాగితమే కొంచెం ఖాళీని మూసేది. సిపాయి ఒక్కడు గురి తప్పినా పరవాలేదు, పక్కన వందమంది ఉంటారు.

వేటగాడికి అలా కుదరదు. ఒక్కడే ఉంటాడు, ఒక్క దెబ్బే దొరుకుతుంది. అందుకని వేటగాళ్ళు గుండుకి గుడ్డముక్క చుట్టేవారు. గుడ్డకి మైనమో కొవ్వో రాసి గొట్టం మూతి మీద పరిచి, దానిమీద గుండు పెట్టి లోపలికి నెట్టేవారు. గుడ్డ ఖాళీని నింపి గుండుని నడిమధ్యలో నిలబెడుతుంది. వెనకనించి వచ్చే వేడిగాలి పక్కల్నించి పారిపోకుండా ఆపుతుంది. రాసిన కొవ్వు మసిని మెత్తబెడుతుంది. 1857లో గొడవ మొదలైంది కూడా ఈ కొవ్వు దగ్గరే. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పొట్లాలకి ఆవు కొవ్వు, పంది కొవ్వు రాశారని. గుండు నున్నగా దిగడానికి రాసిన పూత ఒక రాజ్యాన్నే కదిపింది.

ఇక్కడ మాకు తాత డబ్బా గుర్తొచ్చింది.

చిన్నాన్న నాన్నే ఆ తాత. ఆయనకి లైసెన్సు తుపాకి ఉండేది. పంట మీదకొచ్చే అడివిపందుల్ని బెదరగొట్టడానికి ఇచ్చిన లైసెన్సు. చెకుముకి రాయిది కాదు, టోపీ పెట్టి పేల్చేది. నిప్పు పుట్టించే పద్ధతే వేరు, గొట్టం సంగతి మాత్రం ఒకటే. మూతిలోంచే మందు పోయాలి, మూతిలోంచే గుండు దింపాలి. ఒక ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులన్నీ జమ చెయ్యమన్నారు. తాత నడుచుకుంటూ వెళ్ళి జమ చేసి రసీదు తెచ్చుకున్నాడు. ఎన్నికలు అయిపోయాయి, తుపాకి రాలేదు. అడగ్గా అడగ్గా రేపు రా అన్నారు. రసీదుని చెదలు తినేశాయి, తర్వాత తాత కూడా పోయాడు. అటక మీద ఒక బిస్కెట్ల రేకు డబ్బా మిగిలింది. అందులో అయిదు సీసపు గుళ్ళు, చుట్టిపెట్టిన పాత పంచె పేలికలు, మైనం ముద్ద. అవ్వనడిగితే ఆ ముద్ద తేనెమైనంలో ఇప్పనూనె కలిపి కాచిందని చెప్పింది.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ డబ్బా హాస్టల్‌కి తెచ్చేశాం. ల్యాబులో ఫిజిక్స్ సారు అది ఏటని అడిగితే "పాత గోళీలు సార్, సాంద్రత కొలుస్తాం" అన్నాం. సగం నిజమే.

వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచాం. గుండు వ్యాసం 15.2 మి.మీ. తూచాం. నాలుగు గుళ్ళు 21 గ్రాముల దగ్గరే వచ్చాయి. ఒకటి మాత్రం గ్రాము తక్కువ. గోళం ఘనపరిమాణం, సీసం సాంద్రత 11.34 వేసి లెక్కకడితే 15.2 మి.మీ. గుండు దాదాపు 21 గ్రాములు ఉండాలి. అంటే ఆ తక్కువ బరువుదాని కడుపులో గాలిబుడగ ఉందన్నమాట. పోతపోసేటప్పుడు సీసం కానీ అచ్చు కానీ సరిగా వేడెక్కకపోతే అలా బోలు పడుతుంది. బోలు గుండు బరువు ఒక పక్కకే ఉంటుంది కాబట్టి తిన్నగా పోదు. పాత వేటగాళ్ళు గుళ్ళన్నీ తూచి తేలికవాటిని మళ్ళీ కరిగించేసేవారట. బహుశా తాత కూడా దాన్ని అందుకే వాడకుండా ఉంచాడేమో.

తర్వాత పేలికని స్క్రూగేజ్‌లో పెట్టి బిగించాం. 0.25 మి.మీ. మైనం రాసి గొట్టంలో నొక్కితే ఇంకొంచెం నలుగుతుంది, 0.2 అనుకోండి. గుండుకి రెండు పక్కలా గుడ్డ ఉంటుంది. 15.2కి రెండు పక్కల 0.4 కలిపితే 15.6 మి.మీ.

ఈ 15.6 ఏటో మాకు వెంటనే వెలగలేదు. బోరు నంబర్లు చూశాక తెలిసింది. తుపాకి బోరుని పాతకాలంలో అంగుళాల్లో చెప్పేవారు కాదు. ఆ గొట్టంలో సరిపడే సీసపు గుళ్ళు ఎన్నైతే ఒక పౌను బరువు తూగుతాయో అదే బోరు నంబరు. 12 తూగితే పన్నెండు బోరు, 18.5 మి.మీ. 20 తూగితే ఇరవై బోరు, అది 15.6 మి.మీ. అందుకే నంబరు పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. తాత తుపాకి ఇరవై బోరు! ఎక్కడుందో తెలీని తుపాకి, రసీదు కూడా లేని తుపాకి. అయిదు గుళ్ళూ ఒక పేలికా దాని కొలత చెప్పాయి. ఆ రాత్రి రూములో ముగ్గురం చాలాసేపు నిద్రపోలేదు.

గుండూ గుడ్డా ఎలా కుదుర్చుకుంటారో కూడా అప్పుడే అర్థమైంది. ముందు గొట్టం మూతిని నిజంగా కొలవాలి, చెప్పిన సైజుని నమ్మకూడదు. గుండు గొట్టం కంటే కాస్త చిన్నదుండాలి. మిగిలిన ఖాళీకి తగిన గుడ్డ చూసుకోవాలి. గుండు చిన్నదైతే గుడ్డ దళసరి, గుండు పెద్దదైతే గుడ్డ పల్చన. గుడ్డ నేత దగ్గరగా ఉన్న నూలుదే కావాలి, పరుపులకి కుట్టే గుడ్డలాంటిది. టెర్లిన్, పాలిస్టర్ పనికిరావు. అవి కాలవు, కరుగుతాయి, కరిగి గొట్టానికి అంటుకుంటాయి. సరైన జోడీ అయితే గట్టిగా నెడితే దిగుతుంది, సుత్తితో కొట్టక్కర్లేదు. పరీక్ష మొదటి దెబ్బకి కాదు, మూడో దెబ్బకి. మసి పట్టిన గొట్టంలో కూడా అదే తేలికతో దిగితేనే ఆ సైజు మంచిది.

ఇంకో మంచి సంగతి, పేల్చాక గుడ్డముక్క కొన్ని గజాల దూరంలో కింద పడుతుంది. దాన్ని ఏరి చూస్తే గొట్టం లోపల ఏం జరిగిందో అదే చెప్తుంది. అంచులు పీచులు లేచి, మధ్యలో నల్లటి గుండ్రటి మచ్చతో ముక్క ముక్కగానే ఉంటే అంతా బాగున్నట్టు. మధ్యలో కాలి చిల్లిపడితే గుడ్డ పల్చనైంది, లేదా పూత చాల్లేదు. కోసినట్టు చిరిగితే గుండు మరీ బిగువైంది, లేదా గొట్టం మూతి గరుగ్గా ఉంది.

అన్నిటికన్నా పెద్ద సంగతి చివర ఉంది. గుండు మందు మీద ఆనుకుని కూచోవాలి. మధ్యలో ఖాళీ ఉండకూడదు. గుండు పైన ఎక్కడో ఇరుక్కుని, కింద మందు ఉండి, నడుమ గాలి ఉంటే, నిప్పంటుకోగానే వేడిగాలి దూసుకొచ్చి ఇరుక్కున్న గుండు దగ్గర దెబ్బకొడుతుంది. గొట్టం అక్కడ ఉబ్బుతుంది, లేదా పగులుతుంది.

ఈ వాక్యం చదివి ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

మొదటి దెబ్బ బాగానే పేలింది. రెండో దెబ్బకే కదా పగిలింది.

మొన్న ఇటుకల పండక్కి ఊరెళ్ళాం. చిన్నాన్న వాకిట్లో చీపురుపుల్లలు కడుతున్నాడు, మూడువేళ్ళ చెయ్యితో. పక్కన కూచున్నాం. ఎలా మొదలెట్టాలో తెలీక కాసేపు పుల్లలు అందించాం. తర్వాత అడిగేశాం.

"చిన్నాన్నా, ఆ రోజు రెండోసారి గుండు దిగినాదా?"

ఆరేళ్ళలో ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆయన చెయ్యి ఆగింది.

"దిగినాది. మొదటిసారి సులువుగా దిగినాది. రెండోసారి రానేదు. కర్రతోటి మూడుసార్లు కొట్టినాను."

"ఏం గుండు?"

"బేరింగు గోళీ."

"గుడ్డ?"

"పాత ప్యాంటుముక్క."

"మరి మందు దాకా దిగినాదని ఎలాగ తెలిసింది?"

చాలాసేపు మాట్లాడలేదు. "ఆగిపోయింది కదరా. ఆగిపోతే కూచున్నట్టే అనుకున్నాను."

చెప్పాం. మసి గురించి, ప్యాంటుగుడ్డ కరగడం గురించి, ఉక్కుగోళీ సీసంలా మెత్తగా సర్దుకోదన్న సంగతి, మధ్యలో మిగిలిన ఖాళీ గురించి. నేలమీద పుల్లతో గీసి చూపించాం. మేం అక్కడ లేం, గొట్టం లోపల చూడలేదు. కానీ ఆయన చెప్పిన ప్రతి ముక్కా మేం చదివినదానికి అతికింది.

విని లోపలికెళ్ళాడు. అలిగాడేమో అనుకున్నాం. అటక మీద చప్పుడయింది. ఒక పొడుగాటి కర్ర తెచ్చి మా ముందు పెట్టాడు. నల్లగా, నున్నగా, చేతి చెమటకి మెరుస్తోంది. తాత తుపాకిది, మందు కూరే కర్ర. తుపాకి జమ చేసిన రోజు కర్రని మర్చిపోయాడట.

"దీనిమీద ఈ గాట్లేటో మీకు తెలుసునేమో చూడండి. నాకు ఇన్నాళ్ళూ అర్థం కానేదు."

రెండు గాట్లు ఉన్నాయి, కత్తితో కోసి మసి పూసినవి. రెంటికీ మధ్య రెండు వేళ్ళ వెడల్పు. స్కేలుతో కొలిస్తే 4 సెంటీమీటర్లకి కాస్త తక్కువ. చూడగానే తెలిసిపోయింది. ఖాళీ గొట్టంలో కర్ర అడుగుదాకా దిగితే మూతి దగ్గరికి పై గాటు వస్తుంది. మందూ గుండూ సరిగ్గా కూచున్నాక కర్ర పెడితే కింది గాటు వస్తుంది. ఆ రెండు వేళ్ళ ఎత్తే మందూ, గుడ్డా, గుండూ. కింది గాటు మూతికి ఇంకా పైనే ఉండిపోయిందంటే గుండు దిగలేదని అర్థం. పేల్చకూడదు. అంతే.

తాతకి అక్షరం రాదు. వేలిముద్రే. కానీ ఆ గాటు చదువు కాక మరేటి? మేం మూడేళ్ళు ఫిజిక్సు చదివి తెలుసుకున్నది ఆయన కర్రమీద రెండు గీతల్లో రాసిపెట్టుకున్నాడు.

చిన్నాన్న బొటనవేలుతో ఆ గాటు తడుముతూ అన్నాడు: "మా అయ్య నాకు చెప్పనేదురా. నేను పెద్దయ్యేసరికి తుపాకే లేదు కదా. తుపాకి లేకండా ఏటి చెప్తాడు?"

కాసేపాగి అడిగాడు. "అయితే దేవత కాదా?"

"కాదు చిన్నాన్నా."

"కల్లు?"

"నువ్వు తాగలేదని నీకు తెలుసు కదా."

"మరి ఆరేళ్ళు కొబ్బరికాయలు కొట్టాను కదరా" అని నవ్వాడు. ఆరేళ్ళలో ఆ మాట మీద ఆయన నవ్వడం మేం చూడలేదు.

ఇక్కడితో పోస్టు ఆపేస్తే బాగుండేది. కానీ ఇంకొకటి జరిగింది, అది రాయకపోతే మోసం.

మా మాటలు వింటూ వరసకి తమ్ముడయ్యే కుర్రాడు గోడవార నిలబడ్డాడు. ఇంటర్ ఆపేసి ఇంటిదగ్గరుంటున్నాడు. "అయితే అన్నా, సైజు తెలిసిపోయింది కదా. ఇంకో పైపు చూద్దాం. ఈసారి లెక్క మీరు కట్టండి" అన్నాడు. వాడి కళ్ళల్లో మా మీద ఎంత నమ్మకమో! చదువుకున్న అన్నలు, తప్పు పోనివ్వరని.

మాకు గొంతు ఎండిపోయింది. చిన్నాన్నకి ఎందుకు పగిలిందో చెప్దామనుకున్నాం. మా మాట పట్టుకుని ఇంకొకడు పైపు కొంటాడని ఆలోచించలేదు.

వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాం, ఎందుకంటే గ్రూపులో అలాంటి తమ్ముళ్ళు ఉంటారు.

ఒకటి. గుండు సైజు కుదిరినంత మాత్రాన పైపు తుపాకి గొట్టం అయిపోదు. నీళ్ళపైపు నీళ్ళ కోసం చేసింది, దాని అతుకు నీళ్ళ బరువుకి చాలు. ఇంగ్లండులో తుపాకి గొట్టం అమ్మేముందు మామూలుకంటే ఎక్కువ మందు వేసి పేల్చి పరీక్షిస్తారు, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. లండన్‌లో ఆ పరీక్షశాల శతాబ్దాల కిందటిది, బర్మింగ్‌హామ్‌లో 1813లో పెట్టారు. పైపుకి ఆ పరీక్ష పెట్టేది మన అరచెయ్యే. చిన్నాన్న పెట్టాడు, రెండు వేళ్ళు కట్టాడు.

రెండు. సీసం ఇంట్లో కరిగించడం చిన్న విషయం కాదు. 327 డిగ్రీలకే కరుగుతుంది, కట్టెల పొయ్యి చాలు, అందుకే మరీ ప్రమాదం. ఆ పొగ, ఆ దుమ్ము పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది. పాత బ్యాటరీల్లో సీసమైతే మరీ విషం. అన్నం వండే గిన్నెలో, అన్నం వండే పొయ్యి మీద ఎవరైనా చేస్తుంటే ఆపండి.

మూడు. చట్టం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేని తుపాకి జైలే. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం. తెలీదంటే ఒప్పుకోరు. డిగ్రీ, ఉద్యోగం, ఇల్లు అన్నీ దానితోనే పోతాయి.

అప్పుడు వాడు ఒక ప్రశ్న వేశాడు. "కొడగులో వాళ్ళకి లైసెన్సే అక్కర్లేదంట కదా?" ఫోన్లో చూశాడట. నిజమే. కర్ణాటకలో కొడవలకి ఆయుధాల చట్టం కింద లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. బ్రిటిషువాళ్ళ కాలంనుంచీ వస్తోంది, 2019లో ఇంకో పదేళ్ళు పొడిగించారు. కైల్‌పోద్ పండక్కి తుపాకులకి పూజ చేస్తారు. వాళ్ళకున్నది వాళ్ళ ఆచారమని ఒప్పుకున్నారు. మా తాత లైసెన్సు తీసుకుని, అడిగినప్పుడు జమచేసి, చట్టం చెప్పినట్టు నడుచుకున్నాడు. ఆయనకి చివరికి కర్ర మిగిలింది. వాడికి దీనికి మేం జవాబు చెప్పలేకపోయాం. జవాబు లేదని పైపు కట్టుకోమనలేం కదా. తాత తుపాకి సంగతి అడుగుతూ అర్జీ రాస్తున్నాం. 'ఒంటి గొట్టం, మూతిలోంచి మందు కూరేది, ఇరవై బోరు' అని ఇప్పుడు రాయగలం. ఇంతకు ముందు అదీ తెలీదు. దొరుకుతాదని కాదు, అడిగినట్టు కాగితం మీద ఉండాలని.

తమ్ముడికి కోపం తగ్గలేదు. కానీ కర్ర పట్టుకుని గాట్లు చూశాడు, డబ్బాలో గుళ్ళు లెక్కపెట్టాడు. బోలు గుండు ఏదో తూచకుండా చెప్పగలవా అన్నాం. చేతుల్లో ఎగరేసి ఎగరేసి చూశాడు, మూడోసారికి సరిగ్గా చెప్పేశాడు. వాణ్ణి ఇంటర్ మళ్ళీ కట్టించాలని చూస్తున్నాం. అది వేరే పోస్టు.

సాయంత్రం అడివికెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు. మా ఊళ్ళో ఇప్పుడు వేట పేరుకే, విల్లంబులు భుజాన వేసుకుని తిరిగి వస్తారు. ఉత్తచేతులే. ఊరి మొదట్లో ఆడవాళ్ళు బిందెలతో సిద్ధం. మేం అరుగు మీంచి చూస్తున్నాం. చిన్నాన్న లేచాడు. తువ్వాలు తలకి చుట్టుకుని వీధి చివరికి నడిచాడు, వచ్చేవాళ్ళ గుంపులో కలిశాడు. అడివికి వెళ్ళలేదు, అయినా వాళ్ళతోపాటే నడిచొచ్చాడు.

పెద్దమ్మ ముందు చూసింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత నిండు బిందె ఎత్తి ఆయన నెత్తిమీదే కుమ్మరించింది. "ఏరా, ఆరేళ్ళ బాకీ!" అని. ఊరంతా గొల్లుమంది. పేడనీళ్ళు కారుతూ చిన్నాన్న మూడువేళ్ళ చెయ్యి పైకెత్తి ఇంకో బిందె పొయ్యమన్నాడు.

అన్నలూ, అక్కలూ, మీ ఇళ్ళల్లో అటకమీద ఏదైనా కర్ర, కొలకర్ర, డబ్బా, దారం ముడులు ఉంటే పారెయ్యకండి. వాటిమీద గాటు ఉంటే ఎందుకని ముసలోళ్ళని అడగండి, వాళ్ళు ఉండగానే. మాకు చెప్పేవాళ్ళు లేక ఫిజిక్సు ల్యాబు దాకా పోవాల్సొచ్చింది. ఎవరింట్లోనైనా పైపు తుపాకి ఉంటే ఈ పోస్టు చదివి వినిపించండి.

తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాం.

జోహార్.